ఇంజనులో మడ్డి: కడిగే మందుల కథ



2017 జూన్ నెల. తొలకరి పడి నల్లరేగడి చేలు పదునెక్కిన వారం. నేను తిరిగే ఊళ్ళలో ఒక పెద్దాయన ఉన్నారు. నేను ఆయనను పెదనాన్నా అని పిలుస్తాను. ఆయనది ముప్పై ఏళ్ళు దాటిన ట్రాక్టరు, చేతులు మారి వచ్చిన బండి. పొగ ఎక్కువైంది, ఏం చేయమంటావు బాబూ అని అడిగారు. నేను తడుముకోకుండా, “బజారులో ఇంజను కడిగే మందు దొరుకుతుంది పెదనాన్నా. పాత ఆయిల్లో పోసి కాసేపు నడిపి, ఆయిలు మార్చేయండి” అన్నాను.

సీసా మీద రాసినట్టే చేశారు. మూడోనాడు చేలో గొర్రు తోలుతుండగా ఆయిలు ప్రెషరు ముల్లు పడిపోయింది. ఇంజను టకటక కొట్టుకుని ఆగిపోయింది. మేస్త్రీ అడుగున చాంబరు విప్పితే, ఆయిలు పీల్చే గొట్టం మూతికున్న జల్లెడ నల్లని మడ్డితో పూడిపోయి ఉంది. బేరింగులు పోయాయి. క్రాంకు గీతలు పడింది. పత్తి విత్తనం పన్నెండు రోజులు వెనకబడింది. పెదనాన్న నన్ను ఒక్క మాటే అన్నారు: “మందు మంచిదే కావచ్చు బాబూ. కడుపులో ఏముందో చూడకుండా పోశాం.”

ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. మందు ఎందుకు పుట్టిందో తెలియకుండా మందు చెప్పాను. అంచేత ఆ పుట్టుక కథ మీతో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

ఈ కథ మొదలైంది కూడా దుక్కి చేలలోనే. 1931లో అమెరికాలో కేటర్పిల్లర్ కంపెనీ తన మొదటి డీజిలు ట్రాక్టరును తయారుచేసి అమ్మకానికి పెట్టింది. పెట్రోలు కంటె డీజిలు చవక, పైగా తక్కువ ఖర్చవుతుంది. రైతులు సంతోషించారు. అయితే కొద్దికాలానికే ఒక చిక్కు వచ్చిపడింది. పిస్టనుకు చుట్టూ రింగులుంటాయి గదా, అవి గాడిలో స్వేచ్ఛగా కదులుతూ ఉండవలెను. డీజిలు ఇంజను వేడికి ఆయిలు మాడి, లక్కలాగా గాడిలో గట్టిపడి, రింగులను పట్టేసింది. రింగు పట్టేస్తే మంట సెగ కిందికి దిగుతుంది, ఆయిలు పైకెక్కి కాలుతుంది, బలం పోతుంది. ఎంత శుద్ధిచేసిన ఆయిలు పోసినా ఇదే గతి. అనగా లోపం ఆయిలు శుభ్రతలో లేదు. వేడికి పుట్టే మసిని అంటుకోనీయకుండా పట్టి ఉంచే గుణం ఉత్త ఆయిలుకు లేదు.

1930ల నడుమ కాలిఫోర్నియాలోని స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ రసాయన నిపుణులు దీనికి మార్గం కనిపెట్టారు. ఆయిల్లో కరిగే లోహపు సబ్బును కొద్దిపాళ్ళలో కలిపారు. మొదట అల్యూమినియం సబ్బు, తరువాతి కాలంలో కాల్షియం, బేరియం మొదలైన లోహాలవి వచ్చాయి. మన ఇంట్లో కుంకుడు రసం జిడ్డును పట్టి నీళ్ళలోకి లాగినట్టు, ఈ సబ్బు మసి రేణువును చుట్టుముట్టి ఆయిల్లోనే తేల్చి ఉంచుతుంది. డీజిల్లోని గంధకం కాలితే పుట్టే ఆమ్లాన్ని విరిచే పని కూడా ఈ జాతి మందులదే. చవుడు నేలకు జిప్సం తెలిసిన మీకు, పులుపు నేలకు సున్నం తెలిసిన మీకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఒక మందు ఒక జబ్బును కుదిర్చి ఇంకొకదాన్ని తేవడం ఇక్కడా జరిగింది. తొలినాటి మందు ఆయిళ్ళలో కొన్ని రాగి, సీసం కలిసిన బేరింగులను తినేశాయి. అప్పుడు దానికి విరుగుడుగా మరో మందు కలపవలసి వచ్చింది. ఊరికే నమ్మకుండా పరీక్షలు పెట్టారు. ఒక్క సిలిండరు ఇంజనును 480 గంటలు నడిపి, విప్పి, రింగులు కదులుతున్నాయా, గాడిలో ఎంత మసి పేరింది అని చూసి మార్కులు వేసే పద్ధతి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన బండ్లకు ఇటువంటి ఆయిలే కావాలని నియమం పెట్టింది. 1947లో అక్కడి పెట్రోలియం సంస్థ ఆయిళ్ళను మూడు తరగతులు చేసింది: మామూలుది, మేలురకం, కష్టమైన పనికి పనికివచ్చేది. మందు బాగా పడినది ఈ మూడోది.

ఆ 1947లోనే మన దేశంలో కేంద్ర ట్రాక్టరు సంస్థ ఏర్పడింది. అమెరికా సైన్యం మిగిల్చిన ట్రాక్టర్లతో, రెల్లు గడ్డి అల్లుకుపోయిన బీళ్ళను మధ్యభారతంలో దున్నించింది. 1959లో ఫరీదాబాదులో ఐషర్ కంపెనీ దేశంలోనే ట్రాక్టరు తయారుచేయసాగింది. అక్కణ్ణించి డీజిలు ఇంజను మన ఊరి వస్తువైపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ మందును కనిపెట్టింది దేనికి? శుభ్రమైన ఇంజనును శుభ్రంగా ఉంచడానికి. ఏళ్ళ తరబడి పేరిన మడ్డిని ఒక్కరోజులో ఊడ్చివేయడానికి కాదు. పూడిపోయిన కాలువకు ఒక్కసారిగా నీరు వదిలితే ఏమవుతుంది? పూడిక లేచిపోయి తూము దగ్గర అడ్డం పడుతుంది, కింది చేలు ఎండుతాయి. పెదనాన్న ట్రాక్టరులో జరిగింది సరిగ్గా ఇదే. ఊడిన మడ్డి అంతా కలిసి బయటికి రాలేదు. కొంత అడుగున మిగిలి, చేలో కుదుపులకు జల్లెడకు చేరింది.

కనుక పాత బండి ఉన్నవారు ఈ వరుస పాటించండి. ముందు పొగ చూడండి. నీలిపొగ అంటే ఆయిలు కాలుతున్నదన్నమాట. రింగు పట్టేసిందా, అరిగిపోయిందా మేస్త్రీ చేత కంప్రెషను చూపించి తేల్చుకోండి. అరిగిన ఇనుమును ఏ సీసా అతకదు. తరువాత, బండి చరిత్ర తెలియకపోతే చాంబరు విప్పించి మడ్డిని చేత్తో తీయించండి. జల్లెడ కడిగించండి. కిరసనాయిలు పోసి ఇంజను తిప్పవద్దు; అది మూలల్లో నిలిచి కొత్త ఆయిలును పలచన చేస్తుంది. ఆపైన కంపెనీ పుస్తకంలో చెప్పిన చిక్కదనం, తరగతి గల ఆయిలు కొత్త ఫిల్టరుతో పోయండి. మొదటి రెండుసార్లు ఆయిలు, ఫిల్టరు సగం గడువుకే మార్చండి. మిగిలిన మడ్డి నిదానంగా దానంతటదే వస్తుంది.

ఆయిలు త్వరగా నల్లబడితే భయపడకండి. మసిని పట్టి తేల్చుతున్నదని దాని అర్థం. పాలలాగా తెల్లబడితే మాత్రం నీరు చేరినట్టు, వెంటనే ఇంజను ఆపండి. ఇంకొక మాట. మడ్డి పోయాక పాత సీళ్ళ దగ్గర కారడం కనిపించవచ్చు. అన్నాళ్ళూ మడ్డే అక్కడ అడ్డుకట్టగా ఉండి ఉంటుంది. సీలు మార్చాలి గాని, మందును తిట్టి లాభం లేదు.

ఈ పనులన్నీ తొలకరిలో పెట్టుకోకండి. వేసవిలో బండి ఖాళీగా ఉన్నప్పుడు చేసుకోండి. పెదనాన్న ఇప్పుడు అలాగే చేస్తున్నారు. ప్రతి ఏడూ చాంబరు విప్పిన రోజు నాకు ఫోను చేస్తారు: “బాబూ, వచ్చి చూసి పో” అని. నేను వెళ్ళి, చూసి, ఆ తరువాతే ఏదైనా చెబుతున్నాను.