చంద్ర స్థావరం: ఇల్మనైట్ నుంచి ప్రాణవాయువు

చంద్రుడిపై మనుషులు దీర్ఘకాలం నివసించేందుకు గాలి, నీరు, కరెంటు, తిండి వీలైనంత వరకు అక్కడే సమకూర్చుకునేలా ప్రతిపాదిస్తున్న నివాస సముదాయమే స్వయంపోషక చంద్ర స్థావరం. ఇంతవరకు ఏ దేశమూ అలాంటిది కట్టలేదు. అక్కడ ప్రాణవాయువు తయారీకి పరిశీలిస్తున్న ముడిసరుకుల్లో ఇల్మనైట్ ముఖ్యమైనది. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఈ ఖనిజం శ్రీకాకుళం జిల్లా గార మండలం శ్రీకూర్మం తీరంలోని నల్ల ఇసుకలోనూ ఉంది.

శ్రీకూర్మం తీరంలో

తూర్పు కనుమల్లోని ఖోండలైట్, చార్నోకైట్ శిలలు శిథిలమై, ఆ ఇసుక వంశధార, నాగావళి నదుల వెంట సముద్రం చేరుతుంది. అలలు తేలికైన క్వార్ట్జ్ రేణువులను లాక్కుపోగా బరువైనవి ఒడ్డునే మిగులుతాయి. అందుకే అల వెనక్కి తగ్గిన చోట ఇసుకపై నల్లటి చారలు, వాటి పక్కన గార్నెట్ అనే ఖనిజపు ఎర్రజీర కనిపిస్తాయి.

బీచ్ ఇసుక కర్మాగారాల్లో ఆరబెట్టిన ఇసుకను రెండు గుణాల ఆధారంగా వేరుచేస్తారు. ఇల్మనైట్ అయస్కాంతానికి లొంగుతుంది, విద్యుత్తునూ ప్రవహింపనిస్తుంది. గార్నెట్ అయస్కాంతానికి లొంగినా విద్యుత్తును ప్రవహింపనివ్వదు. రూటైల్ తీరు దీనికి సరిగ్గా తలకిందులు. జిర్కాన్, సిలిమనైట్‌లకు ఈ రెండు గుణాలూ లేవు.

చంద్రుడిపై

చంద్రుడిపై నదులు లేవు, అలలు లేవు, గాలి లేదు. కాబట్టి ఖనిజాలను జల్లెడ పట్టి ఒకచోట పోగుచేసే ప్రకృతి శక్తి కూడా లేదు. ఉల్కల తాకిడికి నుగ్గయిన రెగోలిత్ అనే పొడిలో అన్ని రేణువులూ కలగలిసి, కొన్ని గాజుతో అతుక్కుపోయి ఉంటాయి. శ్రీకూర్మంలో సముద్రం ఉచితంగా చేసిపెట్టే పనిని అక్కడ యంత్రం చేయాలి. అయస్కాంత, స్థిరవిద్యుత్ పద్ధతులకు నీరు అక్కర్లేదు కనుక అవి చంద్రుడికీ పనికొస్తాయని భావిస్తున్నారు. అయితే భూమిపై ఇల్మనైట్‌లోని ఇనుము కొంత మేర గాలికీ నీటికీ మరింత ఆక్సీకరణం చెంది ఉంటుంది. చంద్ర ఇల్మనైట్‌లో ఆ మార్పు ఉండదు. ఇక్కడి ఇసుకతో చేసే ప్రయోగాల ఫలితాలను ఈ తేడా దృష్టిలో పెట్టుకునే చూడాలి.

ప్రాణవాయువు తయారీ

ఇల్మనైట్‌ను 900–1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో హైడ్రోజన్‌తో చర్య జరిపిస్తే ఇనుము, టైటానియం డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. ఆ నీటిని విద్యుత్తుతో విడగొడితే ఆక్సిజన్ దక్కుతుంది. హైడ్రోజన్ మళ్లీ కొలిమికే వెళుతుంది. ఈ పద్ధతిలో కిలో ఆక్సిజన్‌కు సుమారు 9.5 కిలోల శుద్ధ ఇల్మనైట్ కావాలి. ఒక మనిషికి రోజుకు దాదాపు 0.84 కిలోల ఆక్సిజన్ అవసరం. ఆ లెక్కన నలుగురికి రోజుకు 32 కిలోల ఇల్మనైట్ చాలు. కానీ మట్టిలో అది 10 శాతమే ఉంటే, ఏమాత్రం వృథా కాకున్నా 320 కిలోల మట్టిని తవ్వాలి.

స్థలం ఎంపిక

ఇల్మనైట్ ఎక్కువగా ఉన్నది అపోలో 11, 17 దిగిన ప్రాంతాల వంటి నల్లని లావా మైదానాల్లో. నీటి మంచు ఉన్నది ధ్రువాల వద్ద ఎండ ఎరగని బిలాల్లో. 2009లో నాసా ఎల్‌క్రాస్ ప్రయోగం దక్షిణ ధ్రువం దగ్గరి కేబియస్ బిలంలో తాకిడికి ఎగసిన ధూళిలో సుమారు 5.6 శాతం నీరు ఉన్నట్టు అంచనా వేసింది. లావా మైదానాల్లో రాత్రి దాదాపు 14 భూదినాలు సాగుతుంది కాబట్టి అణు విద్యుత్తో భారీ బ్యాటరీలో తప్పవు. ధ్రువాల దగ్గర కొన్ని శిఖరాలపై ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ ఉంటుంది, కానీ అక్కడి నేలలో ఇల్మనైట్ తక్కువ. అక్కడ మట్టినే కరిగించి విద్యుత్తుతో ఆక్సిజన్ తీసే మార్గాన్ని పరిశీలిస్తున్నారు. దానికి 1600 డిగ్రీల వేడి కావాలి.

నివాసం

రేడియేషన్, ఉల్కలు, వేడి–చలి తేడాల నుంచి కాపాడేందుకు ఇంటిపై రెండు మూడు మీటర్ల మట్టి కప్పాలని ప్రతిపాదన. 2023 ఆగస్టు 23న దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన చంద్రయాన్-3లోని చాస్టే పరికరం, పైన సుమారు 50 డిగ్రీలు ఉన్న నేల 8 సెంటీమీటర్ల లోతున మైనస్ 10 డిగ్రీలకు పడిపోవడాన్ని నమోదు చేసింది. చంద్రమట్టి వేడిని ఎంతగా అడ్డుకుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. లావా సొరంగాలు మరో ప్రత్యామ్నాయం. చంద్రయాన్-1 చిత్రాల్లో సుమారు 1.7 కిలోమీటర్ల పొడవైన సొరంగాన్ని భారత శాస్త్రవేత్తలు గుర్తించి 2011లో ప్రకటించారు.

భారత కృషి

చంద్రయాన్ నౌకలు మూడూ శ్రీహరికోట నుంచే వెళ్లాయి. తమిళనాడులోని సిత్తంపూండి అనార్థొసైట్ రాళ్లను పొడి చేసి ఇస్రో కృత్రిమ చంద్రమట్టిని తయారుచేసింది. దానికి 2020లో పేటెంట్ లభించింది. సూక్ష్మజీవులు, గోరుచిక్కుడు జిగురుతో ఇలాంటి మట్టిని ఇటుకలుగా మార్చే పద్ధతిని అదే ఏడాది బెంగళూరు ఐఐఎస్సీ, ఇస్రో పరిశోధకులు వెల్లడించారు. 2040 నాటికి భారతీయుణ్ని చంద్రుడిపైకి పంపాలన్నది దేశ లక్ష్యం.

పరిమితులు

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వాడిన నీటిలో 98 శాతాన్ని తిరిగి రాబట్టగలిగినట్టు నాసా 2023లో తెలిపింది. తిండి సంగతి వేరు: అపోలో తెచ్చిన మట్టిలో 2022లో ఫ్లోరిడా శాస్త్రవేత్తలు మొక్కలు మొలిపించినా అవి గిడసబారాయి. ఆక్సిజన్ రాళ్లలో పుష్కలంగా ఉన్నా, పంటకు తప్పనిసరైన నత్రజని, కార్బన్ చంద్రమట్టిలో అత్యల్పం. కాబట్టి తొలి స్థావరాలు గాలి విషయంలో సొంతకాళ్లపై నిలబడగలిగినా, తిండి విషయంలో చాలాకాలం భూమి మీదే ఆధారపడక తప్పదు.