నూటికి ఎంత?

మేము ఐదో తరగతిలో ఉండగా ఒకనాడు లెక్కల సార్ "శాతం అంటే ఏంది?" అని అడిగారు. ఎవ్వరం నోరు విప్పలేదు. "సరే, మీ ఇంట్ల వడ్డీ ఎట్ల చెప్తరు?" అన్నారు. తరగతంతా ఒక్కసారిగా "నూటికి రెండు! నూటికి మూడు!" అని అరిచింది. "గదే శాతం" అన్నారు సార్.

ఆయన ఆ రోజు చెప్పిన మాట ఎంత పాతదో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నూరు పణాలకు నెలకు ఒకటింబావు పణం ధర్మమైన వడ్డీ. వ్యాపారానికి 5, అడవి దారుల్లో తిరిగేవారికి 10, సముద్రం మీద పోయేవారికి 20. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు లీలావతిలో, నెలకు నూటికి 5 చొప్పున 16కు ఏడాది వడ్డీ ఎంత అని అడిగాడు. జవాబు 9.6. మహావీరాచార్యుని గణితసార సంగ్రహంలోనూ వడ్డీ లెక్కలున్నాయి. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఇటలీ వర్తకులు "నూటికి" అన్న తమ మాటను గబగబా రాయగా రాయగా అరిగి % గుర్తు అయింది.

మరి ఇంత పాత లెక్క పిల్లలకు ఎందుకు కష్టమైంది? ఒక కారణం నాణెం. మా తాతల కాలంలో రూపాయికి 16 అణాలు. దానికి తోడు నిజాం రాజ్యంలో 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయల మారకం. రూపాయిలో 5 శాతం అంటే అణాలో ఐదింట నాలుగు వంతులు. పిల్లవాడు దాన్ని చేతిలో పెట్టి చూపేదెట్లా? 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయా పైసలయ్యాయి. అప్పటినుంచి 5 శాతం అంటే 5 పైసలు. మా సార్ నాణేలతోనే పాఠం మొదలుపెట్టేవారు. చారాణా 25, ఆఠాణా 50, బారాణా 75. తర్వాత "చారాణా కోడికి బారాణా మసాలా అంటరు గదా, కోడి ధరలో మసాలా ఎంత శాతం?" అని అడిగారు. 300 అని తేలేసరికి అందరం నవ్వాం. శాతం నూరు దాటుతుందని ఆనాడే తెలిసింది.

సూత్రం చివరికి చెప్పేవారు. 650లో 12 శాతం కావాలంటే ముందు 10 శాతం 65, 1 శాతం ఆరున్నర, 2 శాతం 13, మొత్తం 78. పలక అక్కర్లేదు.

ఆ పాఠం నేర్చుకున్న గర్వంతో నేనొక తప్పు చేశాను. నాయనకు వెయ్యి రూపాయల అప్పు కావాల్సి వచ్చింది. షావుకారు "రెండు రూపాయల వడ్డీ" అన్నాడు. సంఘం కాగితం మీద 12 శాతం అని ఉంది. నాయనకు చదువు రాదు. "చదువుకుంటున్నవు గదా, చెప్పు బిడ్డా" అన్నాడు. "శాతం అంటే నూటికే నాయనా. వాళ్లది పన్నెండు, ఈయనది రెండే" అన్నాను. మా ఇంట్లో వడ్డీ అంటే నెలకే. అందుకని నాయన కూడా ఆ పన్నెండు నెలకే అనుకుని హడలిపోయాడు. షావుకారు దగ్గరే తెచ్చాడు. ఏడాదికి వడ్డీ 240 కట్టాం. సంఘంలో అయితే 120తో పోయేది.

సార్‌తో చెబితే తిట్టలేదు. "నేనే సగం చెప్పిన" అన్నారు. మర్నాడు బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశారు. నూటికి ఎంత? దేంట్లో నూటికి? ఎంత కాలానికి? రెండో ప్రశ్న కోసం 100కు 20 శాతం పెంచి, వచ్చిన 120లో 20 శాతం తగ్గించమన్నారు. 96 వచ్చింది. నూరు మళ్లీ నూరు కాలేదు.

ముప్పై ఏళ్లకు పైగా ఇంజనీరుగా ఎన్నో అంచనాలు, టెండర్లు చూశాను. ఎక్కడ శాతం కనిపించినా మొదట ఆ మూడు ప్రశ్నలే వేసుకుంటాను. నాయన ఆ 120 రూపాయల గురించి నన్ను ఒక్క మాట అనలేదు. ఈ స్వర్ణోత్సవ వేళ మన బడిలో చదివే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ఇంటికి వెళ్లి అమ్మానాన్నల అప్పు కాగితం అడిగి చదవండి. నూటికి ఎంత అన్నది చూసి ఆగకండి, నెలకా ఏడాదికా అని కూడా అడగండి.