నెలవంక కోత

పురుషునకు స్త్రీవలె రొమ్ములు పెరిగినచో, వాని క్రింద నెలవంక ఆకారమున గాటుపెట్టి, చర్మమును వేరుచేసి, లోని క్రొవ్వును తీసివైచి కుట్టవలెనని ఏడవ శతాబ్దమునాటి గ్రీకు వైద్యుడొకడు వ్రాసియుంచెనని తెలిసిన దినమున నాకు కలిగిన ఆశ్చర్యము ఇంతింత యనరానిది. రొమ్ము బరువెక్కి వ్రేలాడుచున్నచో ఒక నెలవంక చాలదట. కొనలు రెండును కలియునట్లు రెండు గాట్లు పెట్టి, నడిమి చర్మమును తొలగించి, అంచులను చేర్చి కుట్టవలెను. పొరపాటున తక్కువ తీసినచో మరల కోయుమనియు చెప్పినాడు. నేటి మత్తుసూదులు లేని కాలమది. రెండవసారి బల్లపై పడుకొన్న ఆ మహానుభావుని తలచుకొనుడు!

ఆ వైద్యుడు ఏజీనా ద్వీపమువాడైన పాల్. చికిత్స చేసినది అలెగ్జాండ్రియాలో. న్యాయవాదులు తమ శాస్త్రసంగ్రహములను వెంట కొనిపోవుచుండగా, పట్టణములలోనేగాక పొలములందును, ఎడారులందును, నడిసముద్రమున ఓడలమీదను అక్కరపడు వైద్యునకు చేతిపుస్తకము లేకుండుట యేమని, ఆయన ఏడు భాగముల గ్రంథమును కూర్చినాడు. ఆరవది శస్త్రచికిత్సాభాగము. అందు ఈ కోతకు చూపిన హేతువు ఆడంగితనమను నింద. సిగ్గును గూడ చికిత్సకు చాలిన కారణముగా నిస్సంకోచముగా వ్రాసిన ఆ నిజాయతీ పిమ్మట కొరవడినదని నా అభిప్రాయము. నేటి చీటీలో గ్రంథి కొలత యుండును, కుఱ్ఱవాడు చొక్కా ఏల విప్పడో యుండదు.

మండువేసవిని గూడ మా ఊరి చెరువులో చొక్కాతోనే దిగు సహపాఠి యొకడుండెడివాడు. తడిసిన గుడ్డ ఒంటికంటుకొని దాచదలచినదే బయటపడుచున్నందున, తుదకు ఈత మాని, చేతులు కట్టుకొని గట్టుననే నిలుచుండెడివాడు. యౌవనారంభమున వచ్చునది ఆరు నెలలనుండి రెండేండ్లలో చాలమందికి తనంతట తగ్గునని వానికి చెప్పినవారు లేరు. వానికిని అట్లే తగ్గెను.

పాల్ నెలవంక, 936లో జన్మించిన కోర్డోవా వైద్యుడు అల్ జహ్రావీ గ్రంథమున మరల ఉదయించినది. అటుపై శతాబ్దములు దాటి పోవలెను. స్కాట్లండున బాంకరీ అను పల్లెలో వైద్యము చేసికొనుచున్న ఫ్రాన్సిస్ ఆడమ్స్, 1844-47 నడుమ పాల్ గ్రంథమును మూడు సంపుటములుగా ఆంగ్లీకరించెను. పొలములలో తిరుగు వైద్యునికై పుట్టిన పుస్తకము పల్లెవైద్యుని చేతికే చిక్కుట నాకు మిక్కిలి ముచ్చట గొలుపును.

1946లో అమెరికా వైద్యుడు జెరోమ్ వెబ్‌స్టర్ ఇట్టి నెలవంకనే చనుమొన చుట్టునున్న నల్లని వలయపు అంచున పెట్టి చూపెను. మచ్చ ఆ రంగులో కలిసిపోవును. 1980ల నుండి సన్నని గొట్టముతో క్రొవ్వును పీల్చివేయుచున్నారు. గట్టి గ్రంథి యున్నచో మాత్రము కత్తి తప్పదు. గర్భనిరోధమునకై వెదకుచుండగా దొరికిన టామోక్సిఫెన్‌ను, రొమ్ము క్రొత్తగా నొప్పితో పెరుగుచున్నప్పుడు కొందరికి మాత్రలుగా ఇచ్చుచున్నారు. ఏండ్ల తరబడి గట్టిపడినదానికి అది అంతగా పనిచేయదు.

కొందరికి కారణము మందులపెట్టెలోనే యుండును: గుండెజబ్బునకును రక్తపోటునకును వాడు స్పైరోనోలాక్టోన్‌ను వైద్యుడు మార్చిన పిదప తగ్గిన రొమ్ములు కలవు. కావున కత్తిని తలచుటకు ముందు, మ్రింగుచున్న మాత్రలన్నిటిని వైద్యుని బల్లపై పరచుడు. ఒకవైపుననే గట్టిగడ్డ తగిలినను, చనుమొననుండి రక్తము వచ్చినను, సిగ్గుపడి జాగుచేయకుడు.