నక్షత్ర బొంత

రకరకాల అచ్చు గుడ్డలను చిన్న చిన్న ముక్కలుగా కోసి, వాటిని నక్షత్రం ఆకారం వచ్చేలా జోడించి, అడుగున దూది పొర, దాని కింద అస్తరు పరిచి మూడింటినీ కలిపి కుట్టిన దుప్పటి. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో స్టార్ క్విల్ట్ అంటారు. ఈ కళ విరివిగా పెరిగింది అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో. అయితే దానికి ప్రాణం పోసిన రంగుల నూలుగుడ్డ మొదట వెళ్లింది భారతదేశం నుంచి, ముఖ్యంగా కోరమాండల్ తీరం నుంచి. తెలుగు ఇళ్లలో పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టుకునే బొంతకూ దీనికీ ఒక తేడా ఉంది. మన బొంతలో పొరలను కలిపి కుట్టడమే ప్రధానం. నక్షత్ర బొంతలో మాత్రం కత్తెర పట్టకముందే లెక్క తేలాలి.

రూపం, కుట్టే తీరు

నక్షత్రాలకు ఆరు మొనలు కూడా ఉంటాయి గాని, చరిత్రలో పెద్దపీట ఎనిమిది మొనల నక్షత్రానిదే. ఎనిమిది డైమండ్ ముక్కల కొసలు నడిమధ్య ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి. ఒక్కో కొస 45 డిగ్రీలు, ఎనిమిదీ చేరితే 360. మొనల మధ్య మిగిలిన ఖాళీల్లో మూలలకు నాలుగు చతురస్రాలు, పక్కలకు నాలుగు త్రిభుజాలు పడతాయి. మొత్తం చదరం పక్క కొలత డైమండ్ పక్క కొలతకు 3.41 రెట్లు ఉంటుంది. అంటే 12 అంగుళాల చదరం కావాలంటే డైమండ్ పక్క మూడున్నర అంగుళాలు ఉండాలి. కుట్టులోకి పోయే పావు అంగుళం దీనికి అదనం.

మంచం నిండా ఒకే నక్షత్రం పరుచుకునే రకాన్ని లోన్ స్టార్ అనీ స్టార్ ఆఫ్ బెత్లెహేమ్ అనీ అంటారు. ఇందులో ఒక్కో పెద్ద డైమండ్‌ను ఎన్నో చిన్న డైమండ్లతో కూర్చాలి. వరసకు తొమ్మిది చొప్పున తొమ్మిది వరసలైతే ఒక మొనకు 81 ముక్కలు, నక్షత్రం మొత్తానికి 648.

ఈ పనిలో అసలు చిక్కు అంచుల్లో ఉంది. డైమండ్‌కు రెండు అంచులు గుడ్డ పోగు వెంట పడేలా కోసుకోవచ్చు. మిగిలిన రెండూ దర్జీలు క్రాస్ అనే ఏటవాలులోకి వెళ్లక తప్పదు. క్రాస్ అంచు పట్టుకుంటే సాగుతుంది. ఒక్కో కుట్టు దగ్గర నూలుపోగంత సాగినా, వందల కుట్లు పూర్తయ్యేసరికి నక్షత్రం నడుమ గొడుగులా పైకి లేస్తుంది. అప్పుడు ఇస్త్రీ పెట్టె ఏమీ చేయలేదు, కుట్లు విప్పాల్సిందే. అందుకే అనుభవం ఉన్నవారు ముక్కను లాగరు, ఇస్త్రీని అటూ ఇటూ రుద్దరు, పైనుంచి అద్ది తీస్తారు. మూల చతురస్రాన్ని రెండు మొనల సందులో కూర్చేటప్పుడు కుట్టు అంచు దాకా పోకూడదు, సరిగ్గా పావు అంగుళం ముందే ఆగాలి. ఒక్క కుట్టు ముందుకు దాటితే మూల ముడత పడుతుంది. నడిమధ్య కుట్ల మార్జిన్లన్నీ ఒకచోట గుమిగూడతాయి. వాటిని ఒకే దిక్కుకు తిప్పి మడిస్తే ఆ గడ్డ అణుగుతుంది.

గుడ్డల ఎంపిక కూడా అంతే ముఖ్యం. మధ్య నుంచి అంచు దాకా వలయాలుగా వెళ్లే వరసల్లో ఒక్కో వలయానికి ఒక్కో అచ్చు గుడ్డ వాడటం పాత పద్ధతి. ముదురు పక్కన లేత, పెద్ద పువ్వు పక్కన సన్న చుక్క పడాలి. అన్నీ మధ్యరకం రంగులూ మధ్యరకం పువ్వులూ అయితే ఎంత చక్కగా కుట్టినా నక్షత్రం కనిపించదు.

కోరమాండల్ గుడ్డ

గుడ్డ ముక్కలు అతికి వాడుకోవడం చాలా దేశాల్లో ప్రాచీన కాలం నుంచీ ఉంది. చైనాలోని దున్‌హువాంగ్ గుహలో అతుకులతో కుట్టిన బౌద్ధ వస్త్రం దొరికింది.

అయితే నూలు మీద ఉతికినా పోని రంగులు వేసే విద్యలో 17వ శతాబ్దం నాటికి కోరమాండల్ తీరాన్ని మించినది లేదు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టుకోవడానికి ఈ గుడ్డ ఒక ప్రధాన కారణం. ఆ తర్వాత కొద్దికాలానికే అక్కడ కొలువు చేసిన ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్, గుడ్డ చిరిగే దాకా రంగు పోదని రాసిపెట్టాడు. పనితీరు ఇది: గుడ్డను కరక్కాయ నీళ్లలో, గేదె పాలలో తడిపి ఆరబెడతారు. ఎరుపు రావలసినచోట పటిక, నలుపు రావలసినచోట బెల్లంతో ఊరబెట్టిన ఇనుప నీరు అద్దుతారు. తర్వాత చిరువేరు వేసి కాగబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టి నిలుస్తుంది. ఈ విద్యను 1742లో యూరప్‌కు వివరంగా ఉత్తరం రాసి తెలిపినవాడు పుదుచ్చేరిలో ఉన్న ఫ్రెంచి జెసూట్ గాస్తోఁ లోరాఁ కేర్దూ. తెలుగు నేర్చి నిఘంటు కృషి చేసినవాడూ, సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఉన్న చుట్టరికాన్ని గుర్తించినవాడూ ఆయనే.

ఈ పూల గుడ్డలను యూరప్‌లో చింట్జ్ అనీ, మంచం మీద పరిచే పెద్ద గుడ్డను పాలంపోర్ అనీ పిలిచేవారు. అక్కడి ఆడవాళ్లు వీటిని ఎంత మోజుగా కొన్నారంటే, స్థానిక ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతిని అడ్డుకుంది, 1721లో ఏకంగా వాడకాన్నే నేరం చేసింది. ఫ్రాన్స్ నిషేధం 1759 దాకా, ఇంగ్లండ్ నిషేధం 1774 దాకా సాగింది. దొరకని గుడ్డ కనుక పీలిక కూడా పారేయలేదు. ఇంగ్లండ్‌లో మిగిలిన అతి పాత అతుకుపనుల్లో ఒకటిగా పేరున్న లెవెన్స్ హాల్ బొంత సుమారు 1708 నాటిది. అది భారతీయ చింట్జ్ ముక్కలతోనే కుట్టినది. 1718 అని తేదీ కుట్టి ఉన్న పట్టు ముక్కల బొంత కూడా ఇంగ్లండ్‌లో భద్రంగా ఉంది.

1783లో థామస్ బెల్ చెక్కిన లోహపు రోలర్లతో గుడ్డకు అచ్చు వేసే యంత్రానికి పేటెంటు పొందాడు. దాంతో చేతి అచ్చుల కాలం చెల్లసాగింది. మచిలీపట్నం పువ్వు ఇక ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులో, కోరమాండల్ అద్దకందారుకు దమ్మిడీ ముట్టకుండా అచ్చవసాగింది.

అమెరికాలో

1820 నుంచి 1860 దాకా నక్షత్ర బొంతకు స్వర్ణయుగం. చెసపీక్ తీరంలో, ముఖ్యంగా మేరీలాండ్‌లోని బాల్టిమోర్‌లో, మంచం నిండే నక్షత్రాలు అద్భుతంగా కుట్టారు. వాటిని అక్కడ మాథమెటికల్ స్టార్ అనేవారు. నక్షత్రం చుట్టూ మిగిలిన తెల్ల చతురస్రాల్లో చింట్జ్ గుడ్డ నుంచి పువ్వులూ పిట్టలూ కత్తిరించి అతికేవారు. బ్రోడరీ పెర్స్ అనే ఈ పద్ధతిలో ఖరీదైన గుడ్డ కొంచెం ఉన్నా దుప్పటి అంతా నిండుగా కనిపిస్తుంది. అప్పటికి ఆ చింట్జ్‌లో ఎక్కువ భాగం ఇంగ్లండ్ మిల్లులదే అయినా, పూలచెట్టు, తీగ, పిట్ట పాలంపోర్ నుంచి వచ్చినవే.

గుడ్డ ఇంత చౌకగా ఎలా దొరికింది? ఎలై విట్నీ 1794లో పేటెంటు పొందిన జిన్నింగ్ యంత్రం పత్తి గింజ తీయడాన్ని సులువు చేసింది. 1820లలో మసాచుసెట్స్‌లోని లోవెల్ మిల్లులు కాలికో అనే నూలుగుడ్డ నేసి దానికి అచ్చు వేయడం మొదలుపెట్టాయి. ఆ పత్తి పండించింది దక్షిణాది బానిసలు. ఎన్నో తోటల ఇళ్లలో బొంతలు కుట్టిన చేతులు కూడా బానిస స్త్రీలవే. వారి పేర్లు దాదాపుగా ఎక్కడా లేవు. ఈ కళ గురించి రాసే ఎవరూ ఈ మాట దాటవేయకూడదు.

విముక్తి తర్వాత ఆ వరసలో పేరు నిలిచిన గొప్ప కళాకారిణి జార్జియాకు చెందిన హారియెట్ పవర్స్. బానిసగా పుట్టిన ఆమె కుట్టిన బొమ్మల బొంతలు రెండు దక్కాయి. ఒకటి స్మిత్సోనియన్ మ్యూజియంలో, మరొకటి బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉన్నాయి. బోస్టన్‌లో ఉన్నదాంట్లో 1833 నవంబరు 13 నాటి ఉల్కల వాన కుట్టుబొమ్మగా ఉంది. అవి డైమండ్లు కూర్చిన నక్షత్రాలు కావు, గుడ్డ మీద అతికినవి. అయినా నక్షత్రాల బొంతల చరిత్రలో ఆమెను పక్కనపెట్టలేము.

స్వర్ణయుగంలో నమూనాలు చేతి నుంచి చేతికి నడిచేవి. ఒకే నక్షత్రానికి ఊరికో పేరు ఉండేది. క్రమంగా యంత్రాలూ అచ్చు నమూనాలూ వచ్చాయి. 1846లో ఎలియాస్ హోవ్, 1851లో ఐజాక్ సింగర్ కుట్టుమిషన్లకు పేటెంట్లు తీసుకున్నారు. 1889లో సెయింట్ లూయిస్‌లో మొదలైన లేడీస్ ఆర్ట్ కంపెనీ నమూనాలను తపాలాలో అమ్మింది. 1915లో మేరీ వెబ్‌స్టర్ అమెరికాలో క్విల్టుల మీద తొలి పూర్తి పుస్తకం ప్రచురించింది. 1928 నుంచి 1961 దాకా కాన్సాస్ సిటీ స్టార్ పత్రిక నమూనాలు అచ్చువేసింది.

లకోటా నక్షత్రం

19వ శతాబ్దం చివర ఉత్తర మైదానాల్లో బైసన్ మందలను తుపాకులు తుడిచిపెట్టాయి. అక్కడి ఆదివాసులైన లకోటా, డకోటా ప్రజలకు కప్పుకునే తోలు లేకుండా పోయింది. ఆదివాసులకు కేటాయించిన రిజర్వేషన్ భూముల్లో మిషనరీలూ బడులూ నేర్పిన బొంత కుట్టును వారి స్త్రీలు తమ సొంతం చేసుకున్నారు. ఎనిమిది మొనల నక్షత్రం వారికి వేగుచుక్క. పుట్టుక, నామకరణం, చదువు పూర్తికావడం, మరణం, ఏడాది తర్వాతి సంస్మరణ, అన్నిటికీ ఈ బొంతే గౌరవ కానుక. మోంటానాలోని ఫోర్ట్ పెక్ రిజర్వేషన్‌లో బాస్కెట్‌బాల్ పోటీల దగ్గర ఆటగాళ్ల భుజాల మీద కప్పుతారు. నేర్పినవారి చేతుల్లో అలంకారంగా ఉన్నది నేర్చుకున్నవారి చేతుల్లో ఆచారమైంది. ఈ కళ చరిత్రలో అన్నిటికన్నా ఉన్నతమైన మలుపు ఇదే.

1933 పోటీ, ఆ తర్వాత

ఆర్థిక మాంద్యం నాళ్లలో దాణా, పిండి సంచులకు కంపెనీలు పూల అచ్చులు వేశాయి. ఖాళీ సంచి విప్పితే గుడ్డ ముక్క సిద్ధం. ఆ కాలంలోనే, 1933లో, షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా సియర్స్ కంపెనీ పెట్టిన పోటీకి 24,000కు పైగా బొంతలు వచ్చాయి. కెంటకీ నుంచి వచ్చిన ఎనిమిది మొనల నక్షత్ర బొంతకు మొదటి బహుమతి దక్కింది. ఆ బొంతను అధ్యక్షుని భార్య ఎలీనర్ రూజ్‌వెల్ట్‌కు కానుకగా ఇచ్చారు. దాన్ని కుట్టింది బహుమతి అందుకున్నామె కాదనీ, ఆమె వేరే స్త్రీలకు పని అప్పగించిందనీ తర్వాత బయటపడింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆసక్తి తగ్గింది. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం పాత బొంతలను గోడకు చిత్రాల్లా వేలాడదీసి ప్రదర్శించాక మళ్లీ ఊపందుకుంది. 1979లో జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ గుండ్రటి బ్లేడుతో తిరిగే రోటరీ కట్టర్ తెచ్చింది. వందల డైమండ్లను విడివిడిగా కోయనవసరం లేకుండా పొడవు పట్టీలను ముందే జోడించి, 45 డిగ్రీల వాలులో అడ్డంగా కోసి, వరసలకు వరసలు కుట్టే పద్ధతి దీంతో ఇంటింటికీ చేరింది. క్రాస్ అంచును చేతులు తాకడం బాగా తగ్గింది.

1981లో మొదలైన కెంటకీ క్విల్ట్ ప్రాజెక్టు ఇళ్లలో ఉన్న బొంతలను ఫొటోలు తీసి నమోదు చేసింది. మిగతా రాష్ట్రాలు దాని బాట పట్టాయి. నెబ్రాస్కాలోని లింకన్‌లో 1997లో ఏర్పడిన సంస్థ నేడు ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియంగా ఉంది. ఇలాంటి చోట్ల ఎన్నో మేలిమి నక్షత్ర బొంతల కింద కుట్టినవారు తెలియదనే చీటీ ఉంటుంది. బొంత కుట్టేవారు వెనక మూలలో తమ పేరు, ఊరు, సంవత్సరం దారంతో కుట్టాలని, లేదా చెరగని సిరాతో రాయాలని ఈ చరిత్ర రాసేవారు కోరుతున్నారు.