ఆన్‌లైన్ జూదంపై నిషేధం: ఎవరేమన్నారు? చట్టంలో ఏముంది? మన ఇంటికి ఏం వర్తిస్తుంది?

ఆనందపురం: తెల్లవారుజామున పూల మార్కెట్‌లో బంతిపూలు అమ్మిన డబ్బు వచ్చి పడేది ఫోన్‌లోకే. రాత్రి క్రికెట్ మ్యాచ్ మీద పందెం కాసిన డబ్బు పోయేదీ అదే ఫోన్‌లోంచే. ఒకప్పుడు జూదం ఆడాలంటే క్లబ్బుకో, ఊరి బయట తోటకో వెళ్లాల్సి వచ్చేది, ఎవరో ఒకరి కంట పడేవాళ్లు. ఇప్పుడు పక్క మంచం మీద దుప్పటి కప్పుకుని ఆడుతున్నా ఇంట్లో వాళ్లకు తెలియదు. అప్పులవాళ్ల ఫోన్లు మొదలయ్యాకే తెలుస్తుంది.

ప్రభుత్వాలు తెచ్చిన ఆంక్షల గురించి వాట్సాప్‌లో సగం సగం వార్తలు తిరుగుతున్నాయి. "రమ్మీ స్కిల్ గేమ్, లీగలే" అనేవాళ్లు ఉన్నారు. "ఆడినా జైలే" అనేవాళ్లూ ఉన్నారు. అసలు సంగతి ఏమిటో మొదటి నుంచి చూద్దాం.

ఏపీలో ముందే వచ్చిన నిషేధం

ఆంధ్రప్రదేశ్‌కు ఇది కొత్త కాదు. 2020 సెప్టెంబరు 3న రాష్ట్ర కేబినెట్ ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటి డబ్బు ఆటలను నిషేధించాలని నిర్ణయించింది. అదే నెలలో 1974 నాటి ఏపీ గేమింగ్ చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. నిర్వాహకులు మొదటిసారి దొరికితే ఏడాది జైలు, రెండోసారి అయితే రెండేళ్లు, ఆడినవాళ్లకు ఆరు నెలల వరకు జైలు అని కేబినెట్ నిర్ణయాన్ని వివరిస్తూ మంత్రి ప్రకటించారు. ఆ అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్ 132 వెబ్‌సైట్లు, యాప్‌లను బ్లాక్ చేయాలని కేంద్ర ఐటీ మంత్రికి లేఖ రాశారు. తెలంగాణ అంతకన్నా మూడేళ్ల ముందే, 2017లో, ఇలాంటి నిషేధం తెచ్చింది.

అప్పటి స్పందనలు రెండు రకాలుగా ఉన్నాయి. కంపెనీలు కోర్టుకెక్కాయి. పెద్ద యాప్‌లు మాత్రం ఏపీ, తెలంగాణ వాళ్లు డబ్బు పెట్టి ఆడకూడదని తమ షరతుల్లో రాసుకున్నాయి. ఆడాలనుకున్నవాళ్లు లొకేషన్ మార్చి చూపించే యాప్‌లు వేసుకుని ఆడారు. విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ సైట్లకైతే ఏ షరతూ లేదు. రాష్ట్రం గేటు వేసింది గానీ ఇంటర్నెట్‌కు రాష్ట్ర సరిహద్దు లేదు.

"స్కిల్ గేమ్" అన్న మాట ఎక్కడిది?

ఈ వాదన పుట్టింది మన దగ్గరే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడించారన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె.సత్యనారాయణ కేసు. 1967 నవంబరు 22న తీర్పు వచ్చింది. మూడు ముక్కలాటలాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని, అందులో ప్రధానంగా నైపుణ్యమే ఉందని కోర్టు చెప్పింది. ఆన్‌లైన్ కంపెనీలు ఆ తర్వాత చూపించుకుంటూ వచ్చింది ఈ మాటనే.

కానీ అదే తీర్పులో ఇంకో ముక్క ఉంది, దాన్ని ప్రకటనల్లో ఎవరూ చెప్పరు. పందెం పెట్టి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరం అవ్వచ్చని కూడా కోర్టు అన్నది. యాప్ కంపెనీ బతికేదే ప్రతి ఆటలో తీసుకునే వాటా మీద. వాదన మొత్తం ఈ రెండు ముక్కల మధ్యే నడిచింది. నైపుణ్యం ఉన్న ఆటలను కూడా నిషేధించిన కర్ణాటక, తమిళనాడు చట్టాలను అక్కడి హైకోర్టులు కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి.

2025 కేంద్ర చట్టంలో ఏముంది?

2025 ఆగస్టు 20న కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ లోక్‌సభలో ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు పెట్టారు. ఆ రోజే లోక్‌సభ, మర్నాడు రాజ్యసభ ఆమోదించాయి. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం అయ్యింది. ముఖ్యమైన అంశాలు ఇవి:

నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా తీసేశారు. డబ్బు కట్టి, తిరిగి డబ్బు గెలుస్తామన్న ఆశతో ఆడేది ఏదైనా "ఆన్‌లైన్ మనీ గేమ్" కిందకే వస్తుంది.

అలాంటి ఆట నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు లేదా కోటి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రకటనలు చేసేవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. డబ్బు లావాదేవీ జరిపించే బ్యాంకులు, పేమెంట్ కంపెనీలకూ శిక్ష ఉంది. మళ్లీ చేస్తే శిక్ష పెరుగుతుంది.

పందెం లేని సోషల్ గేములు, గుర్తింపు పొందిన ఈ-స్పోర్ట్స్ పోటీలకు నిషేధం లేదు.

ఆడినవాళ్లకు ఈ చట్టంలో శిక్ష లేదు. వాళ్లను బాధితులుగానే చూస్తామని ప్రభుత్వం చెప్పింది. అయితే మన రాష్ట్ర చట్టం కింద ఆడినవాళ్ల మీద కూడా కేసు పెట్టే వీలుంది. అందుకని "నాకేం కాదు" అనుకోవడానికి లేదు.

ఎవరేమన్నారు?

ప్రభుత్వం మాట: ఏటా సుమారు 45 కోట్ల మంది ఈ ఆటల్లో దాదాపు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారు. ఆదాయం పోయినా పర్లేదు, కుటుంబాలు ముఖ్యం.

కంపెనీల మాట: బిల్లు రాగానే పరిశ్రమ సంఘాలు హోంమంత్రి అమిత్ షాకు లేఖ రాశాయి. 400కు పైగా కంపెనీలు మూతపడతాయని, 2 లక్షల ఉద్యోగాలు పోతాయని, ఏటా 20 వేల కోట్లకు పైగా పన్ను ప్రభుత్వానికి తగ్గుతుందని చెప్పాయి. లైసెన్సు ఉన్న దేశీయ యాప్‌లు మూసేస్తే జనం విదేశీ సైట్లకు పోతారన్నది వాళ్ల ఇంకో వాదన. ఈ వాదనను కొట్టిపారేయలేం, 2020 తర్వాత ఏపీలో అది కొంత కనిపించింది.

క్రికెట్: భారత జట్టు జెర్సీ మీద ఉన్న డ్రీమ్11 డబ్బు పోటీలు ఆపేసింది, స్పాన్సర్‌షిప్ నుంచీ తప్పుకుంది. సెప్టెంబరులో ఆ స్థానంలోకి అపోలో టైర్స్ వచ్చింది.

కోర్టులు: ఏ23 రమ్మీ నడిపే కంపెనీ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. బెట్టింగ్, జూదం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్న విషయం కదా, కేంద్రం ఎలా చట్టం చేస్తుందన్నది అసలు ప్రశ్న. వేర్వేరు హైకోర్టుల్లో ఉన్న పిటిషన్లను 2025 సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు తన దగ్గరకు తెప్పించుకుంది. అంతకుముందు మే నెలలోనే, బెట్టింగ్ యాప్‌లను నిషేధించాలని కేఏ పాల్ వేసిన పిటిషన్‌పై కేంద్రానికి నోటీసు ఇచ్చింది. 2024లో విశాఖ లోక్‌సభకు పోటీ చేసింది ఈయనే.

ప్రచారం చేసినవాళ్లు: 2025 ఫిబ్రవరిలో విశాఖ సైబర్ క్రైమ్ పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారం కేసులో స్థానిక యూట్యూబర్ ఒకరిని అరెస్ట్ చేశారు. మార్చిలో హైదరాబాద్‌లో సినిమా నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు నమోదయ్యాయి. తాము చేసింది చట్టం ఒప్పుకున్న స్కిల్ గేమ్‌కే అని కొందరు నటులు బదులిచ్చారు.

ఒక్కసారి లెక్క వేసి చూడండి

"జాగ్రత్తగా ఆడితే లాభమే" అనే కుర్రాళ్ల కోసం ఒక చిన్న ఉదాహరణ. సమాన నైపుణ్యం ఉన్న ఇద్దరు చెరో 1000 రూపాయలతో కూర్చున్నారు. ఆటకు చెరో 100. మొత్తం 200లో యాప్ వాటా 20 అనుకుందాం, గెలిచినవాడికి 180. యాభై ఆటల్లో చెరో 25 గెలిచారు, అంటే ఎవరూ ఓడలేదు. చివరికి ఒక్కొక్కరి దగ్గర మిగిలింది 500. మిగతా 1000 యాప్‌కు పోయింది. ఒకడు గెలిస్తే ఇంకొకడు ఓడతాడు, యాప్ మాత్రం ఏ ఆటలోనూ ఓడదు.

దీని మీద పన్ను. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్ పెట్టారు. 2023 అక్టోబరు 1 నుంచి కట్టిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేశారు. వ్యాపారంలో నష్టాన్ని వేరే లాభంలో సర్దుకోవచ్చు. ఇక్కడ పోయిన డబ్బును జీతంలోంచో, షాపు ఆదాయంలోంచో తగ్గించి చూపడం కుదరదు.

దీన్ ఏం చెబుతోంది?

జూదానికి ఖుర్ఆన్ వాడిన మాట "మైసిర్". అరబ్బులు బాణాలతో చీట్లు తీసి ఒంటె మాంసం పంచుకునే ఆట నుంచి ఈ మాట వచ్చింది. అందులో పేదలకు మాంసం ఇచ్చే అలవాటు కూడా ఉండేది. అయినా సూరా బఖరా 219వ ఆయత్, దీనిలో కొంత లాభం ఉన్నా పాపమే పెద్దదని చెప్పింది. తర్వాత సూరా మాయిదా 90, 91 ఆయత్‌లు పూర్తిగా దూరంగా ఉండమన్నాయి. మనుషుల మధ్య శత్రుత్వం పెట్టడం, అల్లాహ్ స్మరణ నుంచి, నమాజు నుంచి మళ్లించడం దానికి కారణాలుగా చెప్పాయి.

గమనించాల్సింది ఏమిటంటే, ఉలమాలు ఇక్కడ మొదట చూసేది ఆటలో తెలివి ఎంత ఉంది అని కాదు. ఇద్దరూ డబ్బు పెట్టి, ఒకరి నష్టమే ఇంకొకరి లాభం అవుతోందా అని చూస్తారు. అలా అయితే అది మైసిర్. "ఇది స్కిల్ గేమ్ అమ్మీ" అన్న కొడుకు మాటకు జవాబు ఇదే. దాదాపు అరవై ఏళ్లు నైపుణ్యం చుట్టూ తిరిగిన చట్టం కూడా 2025లో ఈ ప్రశ్న దగ్గరికే వచ్చింది: ఇందులో పందెం ఉందా, లేదా?

ఇంట్లో ఎవరైనా ఇరుక్కుంటే

మొదట అప్పుల పూర్తి లెక్క రాయించండి. ఎవరికి ఎంత, ఏ యాప్‌కు ఎంత అన్నీ. సగం దాచి చెప్పిన లెక్కతోనే మళ్లీ మొదటికి వస్తుంది.

పందెంలో ఓడిన డబ్బు ఇవ్వమని బుకీ బెదిరిస్తే భయపడొద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, ఆ డబ్బు కోసం కోర్టులో దావా వేయలేరు. బెదిరింపుల మీద పోలీసులకు ఫిర్యాదు చేయండి.

ఆడడానికి లోన్ యాప్‌లో తీసుకున్న అప్పు వేరే సంగతి, అది అప్పే. కానీ ఫోన్‌లోని కాంటాక్టులు లాగి బంధువులకు ఫోన్లు చేయడం ఆర్‌బీఐ నిబంధనలకు విరుద్ధం. రిజిస్టర్ కాని సంస్థల మీద ఆర్‌బీఐ సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

నకిలీ యాప్ మోసం చేసినా, గెలిచిన డబ్బు ఇస్తామని ఇంకా కట్టించుకుంటున్నా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఆపడం కష్టం.

మానలేకపోతుంటే అది తిట్లతో పోయేది కాదు. టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

గెలిచిన హరాం డబ్బు చేతిలో ఉంటే ఏం చేయాలి, అప్పులపాలైన మనిషికి జకాత్ ఇవ్వొచ్చా అన్నవి మీ మస్జిద్ ఇమాం సాబ్‌ను గానీ ముఫ్తీ సాబ్‌ను గానీ అడిగి తెలుసుకోండి. సందర్భాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఇక ఇంటి పెద్దలకు ఒక మాట. పరువు పోతుందని విషయం దాచిపెట్టే ఇళ్లలోనే అప్పు పెరుగుతుంది. కేంద్ర చట్టం కూడా ఆడినవాడిని నేరస్తుడిగా కాదు, బాధితుడిగా చూస్తోంది. పిల్లవాడు వచ్చి నిజం చెప్పిన రోజు కొట్టకుండా వింటే, మిగతా డబ్బయినా మిగులుతుంది, పిల్లవాడూ మిగులుతాడు.