హస్తవాసి కాదు, ఎంజైమ్

మందు పడకపోతే మనవాళ్లు డాక్టరు హస్తవాసి మంచిది కాదంటారు. హేతువాదినైన నేను మరో తప్పు చేశాను. బి.పి. మాత్రతో కళ్లు తిరుగుతున్నాయని మా ఆవిడ అంటే, పరీక్షించకుండానే భ్రమ అని కొట్టిపారేశాను.

1975లో లండన్ సెయింట్ మేరీస్ వైద్య కళాశాలలో రాబర్ట్ స్మిత్, ఆయన సహచరులు డెబ్రిసొక్విన్ అనే బి.పి. మందును స్వయంగా మింగి చూశారు. స్మిత్‌కు మాత్రం బి.పి. దారుణంగా పడిపోయి నిలబడలేకపోయారు. కారణం మూత్రపరీక్షలో దొరికింది. మిగతావారి శరీరాలు మందును చాలావరకు మార్చేశాయి. ఆయన మూత్రంలో అది దాదాపు మారకుండానే ఉంది. 94 మందిని, కొన్ని కుటుంబాలను పరీక్షించి, ఈ తేడా జన్యుపరంగా వస్తుందని 1977లో లాన్సెట్‌లో ప్రకటించారు. ఆ పని చేసేది కాలేయంలోని సి.వై.పి.2డి6 ఎంజైమ్. ఐరోపా సంతతివారిలో నూటికి 5 నుంచి 10 మందికి అది పనిచేయదు. ఈనాటి మెటోప్రొలాల్‌ను కూడా ప్రధానంగా మార్చేది అదే.

మా ఆవిడ విషయంలో కారణం ఇదేనని నేననను. ఎంజైమ్ పేరు చెప్పి సొంతంగా మాత్ర మానడమూ తప్పే, డాక్టరుకు చెప్పాలి. కానీ డిఫెన్స్ అకౌంట్స్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన నేను ఓచరు చూడకుండా ఏ పద్దూ కొట్టేయలేదు. ఇంట్లో మనిషి మాటను మాత్రం కొట్టేశాను. మూఢనమ్మకం లాగే తొందరపాటు అపనమ్మకం కూడా పరీక్షను ఎగ్గొట్టడమే.