పతన నాయకుడు: ఓరుగల్లు నుండి బస్తర్ దాకా

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా ఆవపల్లి అనే ఊరుంది. పేరులోని ‘పల్లి’యే ఆ ప్రాంతపు భాషాచరిత్రను కొంత చెబుతుంది. గోండీ, దోర్లీ, హల్బీ మాట్లాడే జనం నడుమ తెలుగు కూడా అక్కడ వాడుకలో ఉన్న భాష. 2007 వరకు దంతేవాడ జిల్లాలోను, 1998కి పూర్వం అవిభక్త బస్తర్ జిల్లాలోను, అంతకు ముందు బస్తర్ సంస్థానంలోను ఈ ప్రాంతం భాగం. ఆ సంస్థానాధీశులు తమను కాకతీయులుగా చెప్పుకొన్నారు. అందువల్ల సాహిత్యంలోను, చలనచిత్రాలలోను తరచు కనిపించే ‘పతన నాయకుడు’ అనే పాత్రను పరిశీలించడానికి ఓరుగల్లుకు, బస్తర్‌కు నడుమనున్న ఈ నేల తగిన స్థానం. ఆ పాత్ర పుట్టుకకు ఒక కొస ఓరుగల్లులో ఉంటే, రెండవ కొస జగదల్‌పూర్‌లో ఉంది.

పతన నాయకుడు వేరు, అమరవీరుడు వేరు. 1924లో ప్రాణాలర్పించిన అల్లూరి సీతారామరాజు మరణించాడే గాని పతనం కాలేదు. మరణంతో ఆయన కీర్తి పెరిగింది. పతన నాయకుడు ఒక ఉన్నత స్థానంలో నిలిచి, అక్కడినుండి జారిపడినవాడు. ఆ జారిపాటులో విధికి, శత్రువుకు, స్వీయ దౌర్బల్యానికి ఎంతెంత పాలున్నదన్న ప్రశ్న మిగులుతుంది. ధీరోదాత్త నాయకుని విజయంతో కావ్యం ముగియాలన్న సంప్రదాయంలో పెరిగిన మన సాహిత్యానికి ఈ ప్రశ్న ఇబ్బందికరమైనది. కాకతీయ ప్రతాపరుద్రుని కథ కాలక్రమంలో పొందిన మార్పులు ఈ ఇబ్బందికి చక్కని నిదర్శనం.

1309-10 నాటి మాలిక్ కాఫూర్ దండయాత్రతో సహా ఢిల్లీ సేనలు పలుమార్లు ఓరుగల్లుపైకి వచ్చాయి. కప్పం, ఎదురుతిరుగుబాటు, తిరిగి ముట్టడి అనే చక్రంలో రాజ్యశక్తి క్షీణించింది. 1323లో ఉలుగ్ ఖాన్ చేతికి కోట చిక్కింది; ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఢిల్లీకి తరలిస్తుండగా సోమోద్భవానది, అనగా నర్మద, తీరాన ఆయన మరణించినట్లు ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం తెలుపుతున్నది. ఆ కాలానికి అతి సమీపమైన సాక్ష్యం ఇదే. ఇందులో అలంకారమున్నా, ఓటమిని దాచే యత్నం లేదు.

శతాబ్దం గడిచేసరికి కథ మారింది. 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం ప్రతాపరుద్రుడు స్వేచ్ఛగా దివికేగినట్లు చెప్పింది. బందీ మరణం స్వచ్ఛంద మరణమయింది. పదహారవ శతాబ్దికి చెందినదిగా భావించే ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రము ఇంకొక అడుగు ముందుకు వేసింది. అందులో ఢిల్లీకి పోయిన రాజు దైవాంశసంభూతుడని సుల్తాను ఇంటివారు గ్రహించగా, ఆయన గౌరవంగా స్వదేశానికి తిరిగివస్తాడు. 1897లో వేదం వేంకటరాయశాస్త్రి రచించిన ప్రతాపరుద్రీయ నాటకంలో ఆ పని మంత్రి యుగంధరునికి దక్కింది. పిచ్చివానిగా నటించి ఢిల్లీ చేరిన యుగంధరుడు తన ప్రభువును విడిపించి తెస్తాడు. నర్మదా తీరంలో ముగిసిన జీవితాన్ని ఆరువందల సంవత్సరాలలోపే తెలుగువారి కల్పన తిరిగి ఓరుగల్లు చేర్చింది.

ఈ కల్పనకు బస్తర్‌లో మరొక రూపం ఏర్పడింది. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తర్ రాజ్యం స్థాపించాడని ఐతిహ్యం. దంతేవాడలో దిక్పాలదేవుని కాలపు 1703 నాటి శాసనం ఓరుగల్లునుండి వచ్చిన ఈ వంశక్రమాన్ని పేర్కొన్నది. ఓరుగల్లు పతనానికి, ఈ శాసనానికి నడుమ 380 ఏళ్ల అంతరం ఉన్నందున చరిత్రకారులు దీనిని జాగ్రత్తగా స్వీకరిస్తారు. అయినా ప్రజల నోట నిలిచిన కథకు వేరే విలువ ఉన్నది. దేవి తన వెంట నడుస్తానని, వెనుదిరిగి చూడరాదని అన్నమదేవునికి చెప్పిందట. శంఖినీ, డంకినీ నదుల సంగమం వద్ద ఇసుకలో అందెల సవ్వడి వినిపించకపోయేసరికి ఆయన వెనుదిరిగాడు. దేవి అక్కడే దంతేశ్వరిగా నిలిచిపోయింది. పోయిన రాజ్యంనుండి నడిచివచ్చినవాడు ఒక్కసారి వెనక్కి చూడడం మానవ సహజం. ఆ చూపుకు మూల్యం ఉంటుందని జానపదులకు తెలుసు.

పతనాన్ని పతనంగానే చూపే ధైర్యం తెలుగు రచనకు ఆధునిక యుగంలో వచ్చింది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల విషాద సారంగధర విషాదాంతానికి రంగస్థలంపై చోటు కల్పించింది. కోలాచలం శ్రీనివాసరావు రామరాజు చరిత్రలో 1565 నాటి విజయనగర పతనాన్నే ఇతివృత్తంగా స్వీకరించాడు. త్రిపురనేని గోపీచంద్ అసమర్థుని జీవయాత్రలో ఆ పతనం రణరంగాన్ని వదలి మనిషి లోపలికి ప్రవేశించింది. కథానాయకుడు సీతారామారావును ఏ సైన్యమూ ఓడించలేదు. తండ్రినుండి సంక్రమించిన వంశప్రతిష్ఠ అనే భావం, దానిని మోయలేని మనస్సు కలిసి అతనిని కూల్చాయి. పోయిన వైభవపు నీడలో బతికే వారసుని చిత్రించిన ఈ నవల సంస్థానాలు అంతరిస్తున్న కాలానికి చేరువగా వచ్చిందన్న సంగతి గమనార్హం.

చలనచిత్రం ఈ పాత్రకు విస్తృతమైన ప్రేక్షకలోకాన్ని ఇచ్చింది. శరత్‌చంద్రుని బెంగాలీ నవల ఆధారంగా వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 1953లో వచ్చిన దేవదాసులో అక్కినేని నాగేశ్వరరావు పోషించిన జమీందారు బిడ్డ, ఎదిరించవలసిన వేళ ఎదిరించలేక, ఆ తప్పును జీవితాంతం మోస్తాడు. 1977లో నందమూరి తారకరామారావు దానవీరశూర కర్ణలో కర్ణునితోపాటు సుయోధనుని పాత్రను కూడా తానే ధరించి, ఓడిన పక్షం మాటను ప్రేక్షకులకు వినిపించాడు. ఈ రెండు చిత్రాలూ ప్రేక్షకుని హృదయాన్ని పతన నాయకునివైపు మళ్లించాయి. కెమెరా మాత్రం సహజంగా నాయకుని ముఖం మీదనే నిలుస్తుంది. అతనితోపాటు కూలినవారు దృశ్యం అంచున ఉండిపోతారు.

ఈ పరిమితి ఎంత తీవ్రమైనదో బస్తర్ చివరి సంస్థానాధీశుడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ చరిత్ర తెలుపుతుంది. తల్లి ప్రఫుల్లకుమారీదేవి ద్వారా కాకతీయ పరంపరకు, తండ్రి ద్వారా మయూర్‌భంజ్ రాజకుటుంబానికి చెందిన ఆయన 1936లో బాల్యంలోనే గద్దెనెక్కాడు. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైంది. 1953లో ఆయన ఆస్తి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అధీనంలోకి వెళ్లింది. 1957లో కాంగ్రెస్ అభ్యర్థిగా శాసనసభకు ఎన్నికయ్యాడు; తరువాత ప్రభుత్వంతో విభేదించాడు. 1961 ఫిబ్రవరిలో ఆయనను నిర్బంధించి, మాజీ పాలకునిగా గుర్తింపును తొలగించి, సోదరునికి ఆ గుర్తింపు ఇచ్చారు. మార్చి 31న లోహండీగుడాలో నిరసనకు గుమికూడిన ఆదివాసులపై కాల్పులు జరిగి పలువురు మరణించారు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పులలో ప్రవీర్‌చంద్ర మరణించాడు. అధికారిక లెక్క ప్రకారం ఆయనతో సహా మృతులు 12 మంది. అంతకంటె చాలా ఎక్కువ మంది మరణించారని ప్రజలు నమ్మారు.

ఆ తరువాత జరిగినది ప్రతాపరుద్రుని కథకు పునరావృత్తివలె ఉన్నది. 1970ల ఆరంభంలో బాబా బిహారీదాస్ అనే వ్యక్తి తానే ప్రవీర్‌చంద్రునని చెప్పుకోగా వేలాది ఆదివాసులు ఆయన వెంట నడిచారు. పడిపోయిన రాజు తిరిగి రావాలన్న కోరిక ఏకామ్రనాథుని కాలంలో గ్రంథంగాను, వేదంవారి కాలంలో నాటకంగాను వెలువడింది. బస్తర్‌లో అది ఉద్యమమే అయింది. 2022 జూలైలో వరంగల్లులో కాకతీయ వైభవ ఉత్సవాలకు బస్తర్ రాజకుటుంబానికి చెందిన కమల్‌చంద్ర భంజ్‌దేవ్ అతిథిగా రావడంలోను ఆ చిరకాలపు కోరిక ఛాయ కొంత కనిపించకపోదు.

ఈ కోరికను మూఢనమ్మకమని తోసిపుచ్చడం తేలిక. కాని, జనం తమకు జరిగిన నష్టాన్ని చెప్పుకోవడానికి అందుబాటులో ఉన్న భాష అదే అయినప్పుడు, పాలకులు ఆ భాషను చదవడం నేర్చుకోవలసి ఉంటుంది. బస్తర్ ఆదివాసులు రాజుకోసం మాత్రమే గుమికూడలేదు. అడవిపై హక్కు, బియ్యపు లెవీ, తమ మాట వినే అధికారి లేకపోవడం వంటి ఫిర్యాదులు ఆ రాజు పేరు చుట్టూ చేరాయి. ఆ ఫిర్యాదులను విడిగా విని ఉంటే రాజు ఒక వ్యక్తిగానే మిగిలేవాడేమో. వాటికి వేరే దారి లేకపోయినందున ఆయన దేవుడయ్యాడు.

నాయకుని పతనాన్ని మనస్సులోనికి తొంగిచూసి చిత్రించడం సాహిత్యం ధర్మం. దానిని గోపీచంద్ వంటి రచయితలు నెరవేర్చారు. చరిత్ర చేయవలసిన పని మరొకటి ఉంది. 1323లో ఓరుగల్లు గోడల లోపల చనిపోయిన వారి పేర్లు ఏ శాసనమూ చెప్పదు. ఆ లోటును ఇప్పుడు ఎవరూ పూరించలేరు. 1961, 1966 సంవత్సరాల విషయం అలా కాదు. ఆ మృతులు దస్తావేజులు, విచారణలు, పత్రికలు ఉన్న కాలానికి చెందినవారు. ప్రవీర్‌చంద్ర జీవితాన్ని నవలగానో, చిత్రంగానో మలచే రచయిత ఎవరైనా రాజభవనపు మెట్లపై నిలిచిన రాజుతోపాటు, ఆ ప్రాంగణంలో ఆయన పక్కన పడిపోయినవారిని కూడా చూడగలిగితే, పతన నాయకుడనే పాత్ర తెలుగులో ఇంతవరకు పొందని పూర్ణత్వాన్ని పొందుతుంది.